ఇంజిను నోట్లో గుడ్డ

నా కారులో వేగం చూపించే ముల్లు పక్కన ఒక చిన్న ఎర్ర బొమ్మ వెలిగేది. కొమ్ము ఉన్న గిన్నె, ఆ కొమ్ము కొసన ఒక బొట్టు. చూడ్డానికి అచ్చం ప్రమిదే. అది ఇంజినులో నూనె తగ్గితే వెలిగే దీపమనీ, వెలిగిన మరుక్షణం బండి ఆపి దిగాలనీ బండితో పాటు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉందట. ఆ పుస్తకం నేను చదవలేదు. బడిలో పిల్లలకు చదవండిరా, చదవండిరా అని చెప్పడంతోనే సరిపోతుంది, ఇంక సొంతంగా చదువుకోవడానికి తీరిక ఎక్కడిది?

మొదట్లో అది మలుపుల్లో మాత్రం మిణుక్కుమనేది. తర్వాత ఎత్తు ఎక్కేటప్పుడు. ఆ తర్వాత నిలకడగా వెలగడం మొదలుపెట్టి కంట్లో గుచ్చుకుంటూ వచ్చింది. తిరుపతిలో బస్టాండు బయట అంగట్లో కొన్న చిన్న స్వామి బొమ్మ, వెనకాల జిగురు ఉన్నది, నా జేబులో ఉంటే తీసి సరిగ్గా దాని మీదే అంటించాను. దీపం ఉన్నచోట దేవుడు ఉంటే తప్పేముంది అనుకున్నాను. వెనక నుంచి ఎర్రటి వెలుగు పడి స్వామి ముఖం మహా తేజస్సుతో కనిపించేది. బండి ఎక్కినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పాపం, ఆయన తన చేతనైనంత మేరకు నాకు చెప్తూనే ఉన్నాడు. ఆయన ముఖం ఎంత ఎర్రబడితే నేను అంత గట్టిగా లెంపలు వేసుకున్నాను.

నా మూర్ఖత్వం అంతవరకే అయితే ఇది రాయాల్సిన పని లేదు. ఆ బండి మా నాయన బండి. నేను తోలేవాణ్ణి, అంతే.

మా నాయనకు మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి. వారానికి రెండుసార్లు పుత్తూరు నుంచి తిరుపతికి పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలి. పోయేటప్పుడు ఆయన ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా మామిడితోటలకు మార్కులు వేస్తాడు. వచ్చేటప్పుడు వెనక సీట్లో దిండు పెట్టుకుని పడుకుంటాడు. ఆ చిన్న కారు, రంగు వెలిసి సున్నం గోడలా అయిపోయిన ఆ కారు, ఆయన ప్రాణానికి మూడో మూత్రపిండం. దానికి నూనె ఉందో లేదో చూడకుండా నేను దేవుణ్ణి అతికించాను.

వడమాలపేట దాటాక ఒకరోజు మధ్యాహ్నం, తిరిగి వస్తుండగా, ఇంజినులో రోకలితో దంచినట్టు చప్పుడు మొదలైంది. నాలుగు దంపుళ్లు దంచి ఆగిపోయింది. వెనక పడుకున్న నాయన కళ్లు తెరవకుండానే, "ఊరొచ్చిందా?" అన్నాడు. రాలేదు నాయనా అన్నాను. తెలిసినవాళ్ల ట్రాక్టరు ట్రాలీకి కట్టి ఇంటికి లాక్కొచ్చాము.

షెడ్డు మేస్త్రి ఇంటికే వచ్చి చూసి, నూనె కొలిచే పుల్ల బయటికి లాగి, ఎండిపోయిన దాని కొసను నాకు చూపించి, బోరు పోయింది సార్ అన్నాడు. ఇంజినులో పిస్టను ఆడే గొట్టాన్ని కూడా బోరే అంటారట. మా జిల్లాలో నీళ్ల బోర్లు పోవడం కొత్తా? వేసిన ప్రతి మూడింటిలో ఒకటి పోతూనే ఉంటుంది, జనం దుమ్ము దులుపుకుని ఇంకో చోట వేస్తారు. ఇదీ అంతేనా అని అడిగాను. అంతేనట. దీన్ని బాగుచేయడం కన్నా మద్రాసులో పాత ఇంజిను ఒకటి తెచ్చి మార్చుకోమన్నాడు. అయితే తన షెడ్డులో ముందు వరసలో ఉన్న బండ్లన్నీ అయ్యేదాకా దీన్ని తాకే వీలు లేదన్నాడు. విరిగిన ఎముకకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో మా ఊరికి వస్తారు. ఇంజినుకు కట్టే కట్టు మాత్రం మా ఊళ్లో ఎవరూ కనిపెట్టలేదు.

తర్వాతి విడతకు బాడుగ కారు మాట్లాడాను. పోవడం బాగానే పోయాము. వచ్చేటప్పుడు నాయన చేతికి సూది గుచ్చిన చోట కట్టు వదులై కాస్త రక్తం కారింది. సీటు మీద అరచేయంత మరక. డ్రైవరు ఒక్క మాట అనలేదు. మంచివాడే. ఆ మరుసటి విడతకు మళ్లీ అతన్నే పిలిచాను. మా ఇంటి ముందు బండి ఆపి, వెనక తలుపు తెరిచి, సీటు మీద పాత న్యూస్‌పేపర్లు వరసగా పరవడం మొదలుపెట్టాడు. మూలలు కూడా సరిచేశాడు.

నాయన గేటు దగ్గరిదాకా వచ్చినవాడు అక్కడే నిలబడి అంతా చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి పోయి వసారాలో తన కుర్చీలో కూర్చున్నాడు.

"శవాన్ని ఎక్కిచ్చేటప్పుడు పరుస్తార్రా అట్ల," అన్నాడు. "నేనింకా కూసోగలను గదా."

నేను ఎంత చెప్పినా కదల్లేదు. బస్సు ఎక్కే శక్తి ఆయనకు లేదు. పోవడానికి ఉన్నా రావడానికి ఉండదు. పెద్దగా వాదించలేదు కూడా. మన బండి బాగైతే చెప్పు, వస్తా, లేదంటే ఈడే ఉంటా అన్నాడు, ఇంట్లో ఉప్పు లేదన్నంత మామూలుగా. డ్రైవరు పేపర్లు మడిచి పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ విడత తప్పింది. ఆసుపత్రి నుంచి నర్సమ్మ ఫోను చేసి, ఏం సార్, తండ్రి మీద కోపమా అని అడిగింది.

అప్పుడు దిగాడు మా బామ్మర్ది.

కార్వేటినగరం దగ్గర పల్లె. మామిడితోట, ఒక ట్రాక్టరు, ఇంకా పెళ్లికాని వయసు, ఎంత వాడినా అరగని నోరు. నా భార్యకు తమ్ముడు కాబట్టి నాకు బావ అనే బిరుదు ఇచ్చాడు గానీ, ఆ పిలుపులో ఎప్పుడూ అయ్యో పాపం అన్న ధ్వనే వినిపిస్తుంది. వచ్చీ రాగానే బానెట్టు ఎత్తి, లోపలికి తల దూర్చి, బయటికి తీసి తీర్పు చెప్పాడు.

"షెడ్డులో పెడితే పెండ్లికూతురు పుట్టింటికి పొయినట్టే బావా. యెప్పుడొస్తాదో దేవుడిక్కూడా తెలీదు. ఇంటికాడే దించి ఇంటికాడే ఎక్కిచ్చేద్దాం. ట్రాక్టరు ఇంజినే దించినోణ్ణి, ఇదొక లెక్కా?"

దించాడన్న మాట నిజమే. మళ్లీ ఎక్కించింది ఎవరని నేను అడగలేదు. నాయన కాళ్లు అప్పటికే వాచి ఉన్నాయి. ఆ పూట నాకు ఎవరు ఏం చెప్పినా సరే అనేవాణ్ణి.

మద్రాసుకు నేనే పోయాను. వీధి వీధంతా పాత ఇంజిన్లే, కోసి పెట్టిన పనసకాయల్లా. నేను చూసినవాటిలో ఒకటి నచ్చింది. నచ్చిందంటే అది మిగతావాటికన్నా తక్కువ నల్లగా ఉంది. అంగడాయన పెద్దమనిషి, నా ముఖం చూడగానే నాకేమీ తెలియదని తెలుసుకుని, జాలిపడి, నేల మీదే బ్యాటరీ తగిలించి, డబ్బాలోంచి పెట్రోలు అందించి, దాన్ని నడిపి చూపించాడు. కాళ్లూ చక్రాలూ లేకుండా నేల మీద కూర్చుని అది ఎంత శాంతంగా మోగిందంటే, ఎవరో తంబూరా మీటుతున్నట్టు ఉంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. తర్వాత ఆయన ఇంజిను పైన తగిలించిన తన కార్బురేటరు ఊడదీసుకుని, అక్కడ తెరుచుకున్న గాలి పీల్చే రంధ్రంలో ఒక పాత గళ్ల లుంగీ పీలికను గట్టిగా కుక్కి, నా వైపు వేలు చూపి, "వాయె తొరక్కాదీంగ సార్," అన్నాడు. నోరు తెరవొద్దు సార్ అని. ఇంజిను సంగతి చెప్పాడా, నా సంగతి చెప్పాడా అని దారంతా ఆలోచించాను. ఇప్పుడు తలుచుకుంటే రెండూ అనే తోస్తుంది.

మామిడికాయలు దించి ఖాళీగా తిరిగివచ్చే వ్యానులో ఎండుగడ్డి మీద దాన్ని పడుకోబెట్టి తెచ్చాను. నోట్లో గుడ్డతో, చప్పుడు చేయకుండా వచ్చింది. మా బంధువుల్లో ఎవరూ అంత బుద్ధిగా ప్రయాణం చేయలేదు.

ఇంటి ముందర బోరు మోటార్లు పైకి లాగేవాళ్ల దగ్గర అడిగి తెచ్చిన ముక్కాలి నిలబెట్టాము. మూడు సవక దుంగలు, పైన ముడి, ముడికి వేలాడే చైను పుల్లీ. పోయిన బోరుకు బోరువాళ్ల ముక్కాలే దిక్కయింది. బండిలో చెడిపోయిన ఇంజినుకు తగిలి ఉన్న తీగలు, గొట్టాలు ఒకటొకటే విప్పుతుంటే, మళ్లీ దేన్ని ఎక్కడ తగిలించాలో మరిచిపోతామని నా పాండిత్యం కొంత ఖర్చుపెట్టాను. ప్రతి తీగకూ, అది వచ్చిన చోటికీ ఒకే అక్షరం రాసిన ప్లాస్టరు ముక్కలు అంటించాను. అ తీగ అ చోటికి, ఆ తీగ ఆ చోటికి. బామ్మర్ది పగలబడి నవ్వి, బావ కారుకు అచ్చరాబ్యాసం చేస్తా ఉండాడు అని వాళ్లమ్మకు, అంటే మా అత్తకు, ఫోనులో చెప్పాడు. చివర్లో రెండు తీగలు ఎక్కడివో తెలియకుండా మిగిలాయి. ఌ, ౡ అనుకున్నాను. ఉన్నాయి, ఎందుకో తెలియదు, లేకపోయినా బండి నడుస్తుంది.

నాయన వసారాలో కుర్చీ వేయించుకుని ఇదంతా చూసేవాడు. ఆయనకు తాగే నీళ్లకు లెక్క, తినే తిండికి లెక్క. ఉప్పు లేని నాలుగు ముద్దలు తిని, మిగతా భోజనం ముక్కుతో చేసేవాడు. పక్కింట్లో పొయ్యి మీద ఏం ఉడుకుతోందో, ఎదురింట్లో తిరగమోతలో ఇంగువ వేశారో లేదో కుర్చీలోంచి చెప్పేవాడు. ఎన్నడూ తప్పలేదు. ఆ రోజుల్లో ఊపిరి ఆడక మాట తగ్గించాడు గానీ, ముక్కు మాత్రం పనిచేస్తూనే ఉంది.

మద్రాసు ఇంజినును బండిలోకి దించడానికి మా అత్త ముహూర్తం పెట్టింది. ఇనుము పని శనివారం వద్దంది, మంగళవారం అసలే వద్దంది, రాహుకాలం తీసేసింది. ఇవన్నీ పోగా మిగిలింది ఒక పొద్దుటి పూట. ఆ మరుసటి రోజే నాయన తిరుపతికి పోవాల్సిన రోజు. దించడం, బిగించడం ఒక పగటిలో అయిపోతే సరిగ్గా సరిపోతుంది. సరిపోకపోతే రెండో విడత కూడా తప్పుతుంది. ఒకటి తప్పితేనే కాళ్లు వాచాయి. రెండు తప్పితే ఏమవుతుందని నర్సమ్మను అడిగాను. ఆమె, అడక్కండి సార్, తీసుకురండి అంది.

ఆ పొద్దుట ఇంజిను ముక్కాలికి వేలాడుతూ బండి మీదికి వచ్చి నిలిచింది. మా అత్త పళ్లెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయ, అక్షింతలు పట్టుకుని పల్లె నుంచి వచ్చి ఉంది. ఇంజినుకు మూడు చోట్ల బొట్లు పెట్టింది. దానికి మొహం ఎటువైపో ఎవరికీ తెలియదు కాబట్టి అన్ని వైపులా పెట్టింది. నా భార్య హారతి ఇచ్చింది. అందరూ అక్షింతలు చేతుల్లోకి తీసుకున్నాక, చైను పట్టుకుని ఉన్న బామ్మర్ది ఒక్కసారి ఆగి, ఆ లుంగీ పీలిక వైపు చూశాడు.

"నోట్లో గుడ్డ కుక్కినోళ్లకి ఎవురన్నా అచ్చింతలేస్తారా బావా? శవానికి పెడతారు గుడ్డ. తియ్ ఆ పీలిక."

మద్రాసు పెద్దమనిషి మాట నాకు గుర్తొచ్చింది. చెప్దామని నోరు తెరిచాను. అత్త ఉంది, నాయన ఉన్నాడు, శవం అనే మాట గాలిలో ఉంది. మూసుకున్నాను. నా చేత్తో నేనే ఆ గుడ్డ లాగి, కిటికీ చువ్వకు వేలాడదీశాను. నా నోరు మూసి, ఇంజిను నోరు తెరిచాను. సరిగ్గా తలకిందులుగా చేశానన్నమాట.

ముందు పెద్దవాడు వేయాలని నాయనను పిలిచారు. నా భుజం పట్టుకుని వచ్చి, గుప్పెడు అక్షింతలు పైనుంచి చల్లాడు. తర్వాత అత్త, తర్వాత నా భార్య, తర్వాత ఎదురింటివాళ్లు, దారిలో పోతూ ఆగినవాళ్లు ఇద్దరు. నేనూ వేశాను. ఇంజిను ఊగుతూ, పసుపుగా, కొత్త పెళ్లికొడుకులా దిగింది. బామ్మర్ది ఊపిరి బిగబట్టి దించాడు. ఆ ఒక్క పనిలో వాడికి వంక పెట్టను, చెంబు నీళ్లు తొణక్కుండా దించినట్టు దించాడు. ఆపైన వెంటనే మా పాత కార్బురేటరు తెచ్చి ఆ తెరిచిన నోటి మీద పెట్టి బోల్టులు బిగించేశాము. లోపలికి ఎవరూ తొంగిచూడలేదు. దేవుడి పని అయ్యాక ఇంక చూసేదేముంది?

పొద్దుగూకే లోపల అంతా బిగించడం అయింది. దీపాలు పెట్టే వేళ తొలిసారి మోగించకూడదని అత్త అడ్డుపడింది. మరుసటి పొద్దున నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆసుపత్రి సంచి ఒళ్లో పెట్టుకుని వసారాలో కూర్చున్నాడు. నేను తాళం తిప్పాను. ఇంజిను అందుకుంది. అందుకుని, చలిజ్వరం వచ్చినవాడిలా వణకడం మొదలుపెట్టింది. బండి మొత్తం ఊగింది. ముందు అద్దం గిలగిలలాడింది. వెనక గొట్టంలోంచి డభీమని ఒక పొగ ఉండ వచ్చి, ఆగిపోయింది. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే. నేను తంబూరా అనుకున్నది డోలు అయి కూర్చుంది.

బామ్మర్ది ఒక గంట దాని చుట్టూ తిరిగి, ఉన్న బోల్టులన్నీ ఇంకోసారి బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

"మద్రాసోడు నీకు శవాన్ని అంటగట్టినాడు బావా. ఆడ మోగింది వేరే ఇంజిను. నువ్వు టీ తాగను పొయ్యుంటావు, మార్చేసుంటాడు."

నేను టీ తాగిన మాట నిజం. దాంతో నాకు నోరు లేకుండా పోయింది. వాడు నాకే కాదు, అక్కడి నుంచే ఫోనులో తన మేనమామకు, చిత్తూరులో ఉన్న పెద్దమ్మకు, ఇంకా ఎవరెవరికో, మా బావ మద్రాసు పొయి మోసపోయి వచ్చినాడు అని చెప్పేశాడు. తోటలో కాయ కోసే మనుషులు ఎదురుచూస్తున్నారని మధ్యాహ్నానికల్లా అత్తను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. ముక్కాలి మాత్రం అక్కడే నిలబడి ఉంది, ఎవరికి ఉరి వేయాలా అన్నట్టు.

నేను నాయన దగ్గరికి పోయి కూర్చున్నాను. బాడుగ కారు పిలుస్తాను, కొత్తవాణ్ణి పిలుస్తాను, పేపరు పరవనివ్వను, సీటు మీద మన ఇంటి దుప్పటి వేస్తాను అని చెప్పాను. ఆయన కాళ్లు పట్టుకున్నాను. బతిమాలడానికే పట్టుకున్నాను గానీ, వేలు నొక్కిన చోట గుంట పడి, తీసేసినా ఆ గుంట అలాగే ఉండిపోయింది. మైనంలో నొక్కినట్టు. దాన్ని చూస్తూ ఉండిపోయాను. అది పూడడానికి చాలాసేపు పట్టింది.

"నువ్వేం చేస్తావులే," అన్నాడు నాయన. "బండి ముందర పోతాదో, నేను ముందర పోతానో, ఎవురి టైము వాళ్లకి ఉంటాది."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. స్వామి బొమ్మ అంటించిన సంగతి ఆయనకు తెలుసు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఆ రాత్రి పడుకుంటే ఊపిరి అందదని కుర్చీలోనే కూర్చుని కునికాడు.

తెల్లవారాక నాకు చేయడానికి ఏమీ తోచలేదు. ఏమీ తోచనివాడు తాళం తిప్పుతాడు. పోయి తిప్పాను. దడదడలాడి ఆగింది. ఇంకోసారి తిప్పాను. వెనక పొగ వసారా వైపు పోయింది. నాయన దగ్గుతాడేమోనని బండి దిగి చూశాను. ఆయన దగ్గడం లేదు. తల పైకెత్తి, కళ్లు మూసుకుని, పక్కింటి పొయ్యిని చదివేటప్పుడు ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు.

"అన్నం మాడతా ఉండాదిరా," అన్నాడు.

ఇంట్లో ఇంకా పొయ్యే వెలిగించలేదు నాయనా అన్నాను. రోగం తలకు ఎక్కిందేమో అనుకున్నాను.

"ఇంట్లో కాదు. నీ బండిలో. ఇంకోతూరి వెయ్."

వేశాను. ఆయన మెల్లగా లేచి, గోడ పట్టుకుని, గొట్టం దగ్గరిదాకా వచ్చి, ముక్కుతో రెండుసార్లు పీల్చాడు.

"బియ్యమే. పసుపు కూడా ఉండాది."

నేను తల తిప్పితే కిటికీ చువ్వకు ఆ గళ్ల పీలిక ఊగుతూ కనిపించింది. అప్పుడు తెలిసింది. ఎదురింటివాళ్లు, దారిన పోయేవాళ్లు, నేను, మా అత్త, నా భార్య, అందరం కలిసి ఇంజినుకు నోరు తెరిపించి గుప్పెళ్లతో అన్నప్రాశన చేశాము.

కార్బురేటరు విప్పాను. నా భార్య ఫోను వెలుగు పట్టింది. దాని కింద, ఆ నోటి నుంచి ఇంజినుకు మూడు దారులుగా చీలే గొట్టం ఉంది. దాన్నీ విప్పాను. అందులో మూల మూలలా పసుపుపచ్చని గింజలు, చల్లిన చల్లినట్టే ఉన్నాయి. దాని వెనక ఇంజిను గాలి లోపలికి తీసుకుని మూసుకునే మూతలు ఉంటాయి. వాటిలో ఒకటి మూసుకోవడం లేదు. దాని పెదవికీ గోడకూ మధ్య ఒక గింజ పళ్ల సందున ఇరుక్కున్నట్టు ఇరుక్కుని ఉంది. మూత పూర్తిగా మూసుకోక ఇంజిను ఊపిరి పట్టలేకపోతోంది. వసారాలో ఉన్నాయనదీ ఈ బండిదీ ఒకటే జబ్బు.

చీపురులోంచి ఈనె పుల్లలు తీసి, కొసకు గ్రీజు రాసి, ఒకటొకటిగా అంటించి తీయడం మొదలుపెట్టాను. నాయన పక్కన స్టూలు వేయించుకుని కూర్చుని, పళ్లెం ఒళ్లో పెట్టుకున్నాడు. అత్త అక్షింతలు తెచ్చిన పళ్లెమే. నేను తీసిన గింజను ఆయన పుల్ల మీద నుంచి రాల్చి పళ్లెంలో వేసుకునేవాడు. ఒక్కటి కూడా కింద పడనివ్వలేదు. ఇరుక్కున్నది రాలేదు. స్పానరుతో ఇంజినును మెల్లగా తిప్పితే మూత తెరుచుకుని అది వదులైంది. ప్లగ్గులు విప్పి సైకిలు పంపుతో గాలి కొడితే మిగతావి బయటికి ఎగిరాయి. కొన్ని పసుపు, కొన్ని గోధుమరంగు, కొన్ని నల్లగా మాడిపోయి.

నాయన ఒక నల్ల గింజను వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"ముందర ఏసింది నేనేరా," అన్నాడు. "నన్ను మోసే బండి నోట్లో నేనే బియ్యం పోసినా." శవం నోట్లో బియ్యం పోసే ఆచారం మాకు ఉంది. ఆయన అది తలుచుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆయనే మళ్లీ, "అది మింగలా సూడు," అన్నాడు. "కక్కేసింది."

మళ్లీ అన్నీ బిగించాను. ఈసారి ప్రతి రంధ్రంలోకీ తొంగిచూసి బిగించాను. తాళం తిప్పేముందు నాయన చెయ్యి ఎత్తి నన్ను ఆపి, లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచి తీసుకుని వచ్చి, తలుపు తెరుచుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఇప్పుడు తిప్పమన్నాడు. మోగకపోతే ఈయన్ని దించేదెట్లా అనుకుంటూ తాళం పట్టుకున్నాను.

తిప్పాను. ఒకసారి తుమ్మింది. తర్వాత మద్రాసులో నేల మీద విన్న ఆ తంబూరా, అదే శ్రుతిలో.

తిరుపతి పోయేదాకా ఆయన మామిడితోటలకు మార్కులు వేయలేదు. కళ్లు ముల్లు పక్కన ఉన్న స్వామి మీదే పెట్టుకుని కూర్చున్నాడు. నేనూ రోడ్డును, స్వామిని మార్చి మార్చి చూస్తూ తోలాను. స్వామి ముఖం నల్లగానే ఉంది. ఆ నలుపు అంత అందంగా నాకు ఎన్నడూ కనిపించలేదు. ఆసుపత్రి గేటు దగ్గర ఆ బొమ్మను గోటితో ఒలిచి, అద్దం పైన అంటించాను. నర్సమ్మ మమ్మల్ని చూసి తిట్టిన తిట్లు నేను తలవంచుకుని విన్నాను. లోపలికి తీసుకుపోతుంటే నాయన వెనక్కి తిరిగి, ఇంజిను ఆపేసినావా, పెట్రోలు దండగ అన్నాడు. అప్పుడు నాకు ఆయన బతుకుతాడని తెలిసింది.

ఇక బామ్మర్ది.

బండి నడుస్తోందని వాళ్ల అక్క ఫోనులో చెప్పింది. బియ్యం సంగతి కూడా చెప్పింది. మొదటి మాట విన్నాడు, రెండోది వినలేదు. మరుసటి వారం నుంచి మా బంధువుల్లో ఒక కొత్త కథ పుట్టింది. మద్రాసువాడు బావకు అంటగట్టిన శవానికి బామ్మర్ది ఇంటికాడే ప్రాణం పోశాడట. ఒట్టి చేతులతోనట. చిత్తూరు పెద్దమ్మ నాతోనే అంది, అంతటి బామ్మర్ది దొరకడం నీ అదృష్టం నాయనా అని. అవునమ్మా అన్నాను. మద్రాసు పెద్దమనిషి సలహా పాటించి నోరు తెరవలేదు. గళ్ల పీలికను మాత్రం ఉతికించి, ఇస్త్రీ చేయించి, బీరువాలో పెట్టుకున్నాను.

తర్వాత వచ్చిన మాఘంలో వాడికి పెళ్లి కుదిరింది. మండపంలో వాడు తాళి కట్టేదాకా కూడా ఊరుకోలేదు. వీడియో తీసేవాడికి లైటు ఎక్కడ పెట్టాలో, మేళగాళ్లకు ఎప్పుడు ఊదాలో, పురోహితుడికి మైకు ఎట్లా పట్టుకోవాలో పీటల మీద కూర్చుని చెప్తూనే ఉన్నాడు. తాళి కట్టాక అక్షింతలు వేసేవాళ్ల వరస మొదలైంది. నాయన ముందు వరసలో కుర్చీలో ఉన్నాడు. ఆయన నాకు చెయ్యి అందించాడు. ఇద్దరం కలిసి వేదిక ఎక్కాము.

వాడు అప్పుడు వధువుకు, ఆమె వైపు పెద్దలందరికీ, ఒక చచ్చిన ఇంజినును ఒట్టి చేతులతో ఎట్లా బతికించాడో వివరిస్తున్నాడు. నోరు బార్లా తెరిచి ఉంది. నేను గుప్పెడు అక్షింతలు పట్టుకుని వాడి ముందు ఆగాను. వెయ్యలేదు. పంచె మడతలోంచి గళ్ల పీలికను తీసి, నాలుగు మడతలు పెట్టి, తాంబూలంలా రెండు చేతులతో వాడి ఒళ్లో పెట్టాను.

"ముందు ఇది కుక్కుకోప్పా," అన్నాను మెల్లగా. "గింజలు లోపలికి పోతాయి. పోయినసారి ఇరుక్కునింది."

వధువు, అదేంది, ఎవురికి ఇరుక్కునింది అని అడిగింది. నాయన ఆమె పక్కకు వంగి, తీరిగ్గా, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. వెనక వరస ఆగిపోయింది. నేను అక్షింతలు వాడి తల నిండా వేసి దిగాను.

పెళ్లి ఆల్బం మా ఇంట్లోనూ ఒకటి ఉంది. మొదటి సగంలో పెళ్లికొడుకు ప్రతి ఫొటోలోనూ ఏదో ఒకటి చెప్తున్నాడు. మేము వేదిక ఎక్కిన ఫొటో నుంచి చివరిదాకా నోరు మూసుకునే ఉన్నాడు.